వల్కానో దీవిలో ‘అగ్నిదేవుడి కొలిమి’ యాత్ర: ఒక సమీక్ష

సిసిలీకి ఉత్తరాన సముద్రంలో ఉన్న ఎయోలియన్ దీవుల్లో వల్కానో ఒకటి. పక్కనే ఉన్న లిపారి దీవి నుంచి పడవలో తీసుకువెళ్లి, అక్కడి అగ్నిపర్వతాన్ని గ్రీకు, రోమన్ అగ్నిదేవతల కథలతో కలిపి ఒక పగలంతా చూపించే యాత్ర గురించి ఈ సమీక్ష. నిర్వహించిన సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి యాత్రలు అక్కడ చాలామంది నడుపుతున్నారు, ఇక్కడ చెప్పబోయే మంచిచెడ్డలు ఏ సంస్థను ఎంచుకున్నా పరిశీలించుకోదగినవే. నా అభిప్రాయం ముందే చెబుతాను. కొండ ఎక్కించి దిగే వరకు జరిగినదంతా పెట్టిన డబ్బుకు పూర్తిగా తగినది. పడవలో చెప్పిన పురాణంలో మాత్రం సగానికి పైగా మరమ్మతు అవసరం.

మామూలుగా దీవి చుట్టూ తిప్పి, ఈత కొట్టించి, వెనక్కి తెచ్చే పడవల టికెట్‌తో పోలిస్తే దీని ధర రెట్టింపు ఉంటుంది. ఆ అదనపు సొమ్ము దేనికంటే ఇంగ్లీషులో వివరించే మార్గదర్శికి, బిలం అంచు వరకు చేసే నడకకు, మధ్యాహ్న భోజనానికి. అంటే మనం కొంటున్నది ప్రధానంగా కథనం. కాబట్టి సమీక్ష కూడా ముందుగా ఆ కథనం మీదే ఉండాలి.

లిపారికీ వల్కానోకూ మధ్య ఉన్నది ఒక కిలోమీటరు కూడా లేని జలసంధి. ఆ కొద్ది సేపట్లోనే మార్గదర్శి హెఫెస్టస్‌ను, వల్కన్‌ను పరిచయం చేయాలి. ఆయన ఎంచుకున్న దారి చాలా సులువైనది: గ్రీకులు హెఫెస్టస్ అన్నవాడినే రోమన్లు వల్కన్ అన్నారు, ఆయన అగ్నిపర్వతాల దేవుడు, ఆయనకు కోపం వస్తే పర్వతాలు బద్దలవుతాయి అని చెప్పి, తర్వాత హెఫెస్టస్ భార్య, ప్రేమ దేవత అయిన ఆఫ్రొడైటీతో ఆయన సంసారం గురించిన హాస్యానికి దిగాడు. పడవలో ఉన్నవాళ్లు నవ్వారు. అయితే ఆ మూడు వాక్యాల్లో ఏదీ ఉన్నదున్నట్టు నిలబడదు.

ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యాల్లో హెఫెస్టస్‌కు అగ్నిపర్వతంతో సంబంధమే కనిపించదు. ‘ఇలియడ్’ పద్దెనిమిదో సర్గలో సముద్ర దేవత థెటిస్ తన కొడుకు, వీరుడైన అకిలీస్‌కు ఆయుధాలు చేయించడానికి వెళ్లేది దేవతల నివాసమైన ఒలింపస్ కొండ మీద ఆయన తనకోసం తానే కట్టుకున్న కంచు ఇంటికి. అప్పటికి ఆయన చెమటలు కక్కుతూ, బంగారు చక్రాల మీద వాటంతటవే దేవతల సభకు వెళ్లి తిరిగి రాగల ఇరవై ముక్కాళ్ల పీటలను తయారు చేస్తుంటాడు. కొలిమి దగ్గర ఇరవై తిత్తులు, ఆయన ఆజ్ఞ ఇస్తే ఎంత గాలి కావాలో అంతే ఊదుతాయి. నడవడానికి ఇబ్బంది పడే ఆయనకు ఆసరాగా బంగారంతో చేసిన దాసీలు ఉంటారు, వాళ్లకు తెలివీ మాటా ఉన్నాయి. కోపిష్టి ప్రళయదేవుడు ఈ సర్గలో ఎక్కడా లేడు. ఉన్నది తన పనిలో తాను మునిగిపోయిన గొప్ప కమ్మరి. మన పురాణాలు ఎరిగినవారు ఆయన్ను చూసి హవ్యవాహనుడైన అగ్నిదేవుణ్ణి తలుచుకోనక్కర్లేదు. దేవతలకు నగరాలు కట్టిన విశ్వకర్మనో, ఇంద్రుడికి వజ్రాయుధం చేసి ఇచ్చిన త్వష్టనో తలుచుకుంటే దగ్గరగా ఉంటుంది.

మరి కొలిమి కొండల్లోకి ఎప్పుడు వచ్చింది? గ్రీకులు పడమర దిక్కుగా వచ్చి సిసిలీలో, ఈ దీవుల్లో స్థిరపడి, రాత్రిళ్లు మంటలూ పగళ్లు పొగా కక్కే కొండలను రోజూ చూడడం మొదలుపెట్టాక అని చెప్పుకోవచ్చు. గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ పేరున మనకు దక్కిన ప్రొమీథియస్ నాటకంలో ఈ కలయిక చక్కగా కనిపిస్తుంది: సిసిలీలోని పెద్ద అగ్నిపర్వతం ఎట్నా కింద టైఫోన్ అనే రాక్షసుడు నలిగిపోతూ మంటలు కక్కుతుంటాడు, శిఖరం మీద హెఫెస్టస్ కూర్చుని ఎర్రగా కాలిన లోహాన్ని కొడుతుంటాడు. అంటే పర్వతం బద్దలు కావడం రాక్షసుడి పని, దేవుడిది పైన కూర్చుని చేసే వృత్తి. ఆకాశం తేటగా ఉన్న రోజున ఈ దీవుల నుంచి ఎట్నా కనిపిస్తుంది కూడా, కాబట్టి మార్గదర్శి చేయి చాచి చూపిస్తూ చెప్పదగిన కథ ఇది. చెప్పలేదు.

రోమన్ల వల్కన్ విషయంలో జరిగిన పొరపాటు ఇంతకంటే పెద్దది. గ్రీకు కథలను తమవిగా చేసుకున్నాక రోమన్ కవులు వల్కన్‌ను కమ్మరిగానే వర్ణించారు, నిజమే. కానీ రోమ్ నగరంలో పూజలు అందుకున్న వల్కన్ ప్రధానంగా కాల్చేసే నిప్పుకు దేవుడు, జనం భక్తి కంటే భయంతో సంతృప్తి పరచవలసినవాడు. వాస్తుశిల్ప గ్రంథం రాసిన విట్రూవియస్ ఆయన గుడి ఊరి గోడల బయటే ఉండాలన్నాడు, ఇళ్లు అగ్నిప్రమాదాల భయం లేకుండా ఉండేందుకు. ఆయన పండుగ ఆగస్టు 23న వస్తుంది, ఎండలు మండిపోయి, పంట గాదెలకు చేరి, ఒక్క నిప్పురవ్వ చాలు అన్నట్టుండే కాలం అది. ఆ రోజున జనం తమ ప్రాణాలకు బదులుగా టైబర్ నదిలో పట్టిన చిన్న చేపలను బతికుండగానే మంటల్లో వేసేవారు. నీరో చక్రవర్తి కాలంలో క్రీ.శ. 64లో రోమ్ తగలబడిన తర్వాత వల్కన్‌కు ప్రార్థనలు జరిపారు, ఆ తర్వాత డొమిషియన్ చక్రవర్తి ఆ అగ్నిప్రమాదానికి గుర్తుగా బలిపీఠాలు కట్టించి ఏటా ఆగస్టు 23న ఎర్ర దూడనూ మగ పందినీ బలి ఇవ్వాలని నియమం పెట్టాడు. ఇంట్లో పొయ్యిలో ఉండే చల్లని నిప్పుకు వేరే దేవత ఉంది, ఆమె వెస్టా. ఆమె గురించి యాత్ర మొత్తంలో ఒక్క మాట కూడా రాలేదు.

అయితే పడవ దిగాక వ్యవహారం పూర్తిగా మారిపోయింది. పోర్తో దీ లెవాంతే రేవులో కాలు పెట్టగానే గంధకం వాసన ముక్కుకు తగులుతుంది, మార్గదర్శి కూడా హాస్యాలు కట్టిపెట్టి జాగ్రత్తలు చెప్పడం మొదలుపెడతాడు. కొండ పేరు లా ఫోస్సా, ఎత్తు 391 మీటర్లు. దారి మొదట మెత్తటి నల్ల బూడిదలో సాగుతుంది, అక్కడ ఒక అడుగు ముందుకు వేస్తే అర అడుగు వెనక్కి జారుతుంది. తర్వాత గట్టిపడిన ఎర్రమట్టి మీదుగా పైకి వెళుతుంది. మామూలు నడక అలవాటున్నవాళ్లకు గంట పడుతుంది. నీడ అనేది ఎక్కడా లేదు. సంస్థ వాళ్లు ఉదయం పెందలాడే ఎక్కించడం, ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనకబడినవాళ్ల కోసం చూడడం, అందరి దగ్గరా నీళ్లు ఉన్నాయో లేదో బయలుదేరే ముందే తనిఖీ చేయడం నిజంగా మెచ్చుకోవలసిన విషయాలు.

దారి పక్కన ఒక రాయి దగ్గర ఆయన అందరినీ కూర్చోబెట్టాడు. మనిషి నడుము ఎత్తు ఉంటుంది, పైన గాజులా నున్నటి పెంకు, ఆ పెంకు అంతటా బాగా కాలిన రొట్టె పైభాగం మీద పడే పగుళ్ల లాంటి నెర్రెలు. ఈ కొండ చివరిసారి బద్దలైంది 1888 ఆగస్టు నుంచి 1890 మార్చి వరకు. లోపలి లావా చాలా చిక్కనిది కావడంతో గొట్టానికి బిరడాలా అడ్డుపడుతుంది, కింద వాయువుల ఒత్తిడి పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆ బిరడాను ముక్కలు చేసి పైకి విసిరేస్తుంది. గాల్లోకి ఎగిరిన ముద్ద పైపొర వెంటనే చల్లబడి గట్టిపడుతుంది, లోపల ఇంకా వేడిగా ఉన్న భాగంలో వాయువు ఉబ్బుతూనే ఉంటుంది, దాంతో పెంకు పగులుతుంది. భూకంప తీవ్రతా కొలమానంతో పేరు తెచ్చుకున్న జుసెప్పే మెర్కల్లి ఈ విస్ఫోటనాన్ని స్వయంగా పరిశీలించి వర్ణించాడు, ఈ తరహా పేలుళ్లన్నిటికీ ఇప్పుడు ‘వల్కానియన్’ అనే పేరు స్థిరపడింది. అంతకు ముందు ఈ బిలంలోనే గంధకం, పటిక తవ్వి తీసే పనులు నడిచేవి. స్టీవెన్‌సన్ అనే స్కాట్లండ్ వ్యాపారి దీవిలో చాలా భాగాన్ని కొనుక్కుని అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. 1888లో ఆ పనులన్నీ నాశనమయ్యాయి. ఈ వివరాలన్నీ మార్గదర్శి ఆ రాయిని తాకిస్తూ, నెర్రెల్లో వేలు పెట్టిస్తూ చెప్పాడు. భూగర్భశాస్త్రం చదువుకున్నవాడని ఆ పది నిమిషాల్లోనే తెలిసిపోయింది.

బిలం అంచున పసుపుపచ్చటి గంధకపు స్ఫటికాలు నేలకు అంటుకుని పెరిగి ఉంటాయి. వాటి మధ్య సందుల్లోంచి ఆవిరి చప్పుడు చేస్తూ వస్తుంది. దగ్గరకు వెళితే ఆ చప్పుడు తిత్తి ఊదినట్టే ఉంటుంది, నేల కాళ్లకు వేడిగా తగులుతుంది, గాలి మన వైపు తిరిగితే కళ్లు మండి దగ్గు వస్తుంది. తడి గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకోమని ముందే ఇచ్చారు. నాతో వచ్చిన మా బావగారు ఆ పొగలో నిలబడి, ‘‘కొలిమి రాజుకునే ఉందిగానీ కమ్మరి నూట ముప్పై ఏళ్లుగా సెలవు మీద ఉన్నట్టున్నాడయ్యా’’ అన్నారు. అక్కడే మార్గదర్శి జేబులోంచి ఒక కాగితం తీసి ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థూసిడైడిస్ రాసిన నాలుగు వాక్యాలు చదివాడు. యాత్ర మొత్తానికి అత్యుత్తమమైన ఘట్టం అదే.

క్రీ.పూ. 427-426 చలికాలంలో ఏథెన్స్ వాళ్లు, ఇటలీ కొసన ఉన్న రెగియం నగరం వాళ్లు కలిసి ముప్పై నౌకలతో ఈ దీవుల మీదికి వచ్చారు. ఆ దాడి గురించి రాస్తూ థూసిడైడిస్ దీవుల పేర్లు చెబుతాడు. వల్కానోకు అప్పుడు హియెరా అని పేరు, అంటే పవిత్రమైనది. రాత్రిపూట మంట బాగా పైకి లేవడం, పగలు పొగ రావడం కనిపిస్తుంది కాబట్టి హెఫెస్టస్ హియెరాలో కమ్మరం చేస్తున్నాడని అక్కడివాళ్లు నమ్ముతారని ఆయన నమోదు చేశాడు. ఆయన తాను నమ్ముతున్నట్టు చెప్పడు, ఎగతాళీ చేయడు, జనం ఎందుకు నమ్ముతున్నారో కారణం మాత్రం చెప్పి ముందుకు సాగిపోతాడు. ఆ వాక్యాలు ఆ పొగ పక్కన నిలబడి వినడం వేరు, ఇంట్లో చదువుకోవడం వేరు. మార్గదర్శి ఇంకొక మంచి పని కూడా చేశాడు: లిపారి పట్టణం ప్రాచీన కాలంలో వేసిన కంచు నాణేల బొమ్మను అచ్చు వేయించి అందరికీ చూపించాడు. వాటి మీద హెఫెస్టస్ ఒక చేత్తో సుత్తి, మరో చేత్తో పానపాత్ర పట్టుకుని తీరిగ్గా కూర్చుని ఉంటాడు. తమ ఊరి దేవుడిని ఆ ఊరివాళ్లు ఎలా ఊహించుకున్నారో చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఈ నాణెం చూపించినవాడు పైథియస్ చెప్పిన ముచ్చటను ఎలా వదిలేశాడో అర్థం కాదు. ఉత్తర సముద్రాల దాకా ప్రయాణించిన ఆ గ్రీకు నావికుడి మాటగా ఒక ప్రాచీన వ్యాఖ్యానంలో ఇది మనకు దక్కింది. ఎవరైనా ముడి ఇనుమును, దాంతోపాటు కూలి డబ్బును ఈ దీవుల్లో పెట్టి వెళితే, మరునాడు వచ్చి కత్తి గానీ, ఇంకేదైనా అడిగిన వస్తువు గానీ తీసుకుపోవచ్చునని ఒకప్పుడు చెప్పుకునేవారట. బేరం లేదు, మాటామంతీ లేదు, వాయిదా అంతకంటే లేదు. సేవల గురించి సమీక్షలు రాసే ఎవరికైనా ఈ దుకాణం మీద అసూయ కలుగుతుంది. యాత్రా సంస్థకు నేను పంపిన అభిప్రాయంలో మొదటి సూచనగా రాసింది కూడా ఇదే: ఆఫ్రొడైటీ హాస్యాలు తీసేసి ఆ స్థానంలో ఈ కథ పెట్టండి, ఇది ఇక్కడిదే, వేరే ఎక్కడా చెప్పడానికి వీల్లేనిది.

దిగి వచ్చాక భోజనం. దీవుల్లో దొరికే ‘పానే కున్జాతో’ అనే వంటకాన్ని పెట్టారు. కాల్చిన రొట్టె మీద టమాటా, కేపర్ మొగ్గలు, ఆలివ్ నూనె, జున్ను వేసి ఇస్తారు. మామూలుగా పైన చేప ముక్కలు కూడా ఉంటాయి. శాకాహారులు ముందు రోజే చెప్పి ఉంచాలి, అక్కడికక్కడ చెబితే చేపను పక్కకు తీసి అదే పళ్లెం తిరిగి ఇచ్చే ప్రమాదం ఉంది. రుచి బాగుంది, మోతాదు తక్కువ. అంతకంటే రాయవలసినది లేదు.

మధ్యాహ్నం పడవ దీవి చుట్టూ తిరుగుతుంది. ఈ భాగంలో రోమన్ కవి వర్జిల్ రాసిన ‘ఈనియడ్’ కావ్యంలోని ఎనిమిదో సర్గ చెబుతామని కరపత్రంలో ఉంది. అది సరైన ఎంపికే. సిసిలీ తీరానికీ గాలుల దేవుడు ఎయోలస్ ఉండే లిపారికీ పక్కన పొగలు కక్కే రాళ్లతో నిటారుగా లేచిన దీవి ఒకటి ఉందని, దాని కింద ఎట్నా దాకా గర్జించే గుహల్లో సైక్లోప్స్ అనే ఒంటికన్ను రాక్షసులు పని చేస్తుంటారని, వల్కన్ ఆకాశం నుంచి అక్కడికి దిగి వచ్చాడని వర్జిల్ రాశాడు. బ్రోంటెస్, స్టెరోపెస్, పైరాక్మోన్ అనే ఆ ముగ్గురూ అప్పటికి దేవతల రాజు జూపిటర్‌కు సగం పూర్తయిన పిడుగు చేస్తుంటే, పక్కన యుద్ధ దేవుడు మార్స్ రథం పని నడుస్తుంటుంది. వల్కన్ వచ్చి అవన్నీ పక్కన పడేయండి, ఒక వీరుడికి ఆయుధాలు చేయాలి అంటాడు. గ్రీకుల ఒంటరి పనివాడు రోమన్ కవి చేతిలో పెద్ద కర్మాగారానికి మేస్త్రీ అయ్యాడన్నమాట. పడవ ఇంజను చప్పుడులో ఇదంతా సగం వినిపించలేదు. చెవిలో పెట్టుకునే చిన్న రిసీవర్లు ఇచ్చి ఉంటే బాగుండేది. ఈ ధరకు అది ఆశించడం అత్యాశ కాదు.

ఇక కరపత్రం సంగతి. మొత్తం సేవలో నాకు అన్నిటికంటే నచ్చనిది అదే. వల్కన్ పండుగ మరుసటి రోజు, క్రీ.శ. 79 ఆగస్టు 24న, దేవుడి ఆగ్రహంతో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేయి నగరాన్ని కప్పేసిందని అందులో పెద్ద అక్షరాలతో వేశారు. తేదీల ఆ పొందిక చాలాకాలంగా ప్రచారంలో ఉన్నదే. అయితే పాంపేయిలో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన చిన్న రాత 2018లో బయటపడింది, అందులో ఉన్న తేదీ మన లెక్కలో అక్టోబరు 17. బొగ్గు రాత గోడ మీద ఏళ్ల తరబడి నిలవదు కాబట్టి విస్ఫోటనం ఆ ఏడాది అక్టోబరు చివర్లో జరిగి ఉంటుందని చాలామంది పురావస్తు పండితులు ఇప్పుడు భావిస్తున్నారు. శిథిలాల్లో దొరికిన శరదృతువు పండ్లు కూడా ఆ వాదానికి బలం ఇస్తాయి. భూగర్భశాస్త్రం అంత నిక్కచ్చిగా చెప్పే సంస్థ చరిత్ర దగ్గరకు వచ్చేసరికి పాత కరపత్రాన్నే మళ్లీ మళ్లీ అచ్చు వేయించుకోవడం బాగాలేదు. మార్గదర్శిని అడిగితే, ‘‘నాకు తెలుసు, ఆఫీసులో చెప్పాను కూడా’’ అని మొహమాటంగా నవ్వాడు.

సాయంత్రం అదనపు రుసుముతో ఈ దీవుల్లోనే మరో అగ్నిపర్వతమైన స్ట్రోంబోలీ దాకా తీసుకువెళ్లి, చీకట్లో పైకి ఎగిరే నిప్పుముద్దలను సముద్రం మీద నుంచే చూపించే ఏర్పాటు కూడా ఉంది. మంటలు చూడాలన్న కోరికతో వెళ్లేవాళ్లకు వల్కానో నిరాశే మిగులుస్తుంది, ఇక్కడ ఉన్నది పొగ, వేడి, వాసన మాత్రమే. వాళ్లు స్ట్రోంబోలీకి వెళ్లడం మేలు. హెఫెస్టస్ కోసం వెళ్లేవాళ్లు అదనపు డబ్బు మిగుల్చుకుని నేపుల్స్ పురావస్తు ప్రదర్శనశాలకు వెళ్లవచ్చు. పాంపేయి ఇంటి గోడ నుంచి తెచ్చిన ఒక చిత్రం అక్కడ ఉంది, అందులో థెటిస్ కొలిమి ముందు కూర్చుని మెరుస్తున్న డాలులో తన ప్రతిబింబాన్ని చూసుకుంటుంది. ఏథెన్స్‌కు వెళ్లే అవకాశం ఉన్నవాళ్లు అగోరా అనే ప్రాచీన సంతమైదానం పక్కన గుట్ట మీద ఉన్న హెఫెస్టస్ గుడిని చూడాలి. క్రీ.పూ. 449 ప్రాంతంలో మొదలుపెట్టిన ఆ గుడి ముందు ఆరు, పక్కల పదమూడు స్తంభాలతో దాదాపు చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. చేతిపనుల దేవతగా ఎథీనా కూడా ఆయనతో పాటు అక్కడ పూజలు అందుకుంది. చుట్టుపక్కల కంచు పనివారి కొలుముల ఆనవాళ్లు తవ్వకాల్లో బయటపడ్డాయి.

బుక్ చేసుకునే ముందు సంస్థను రెండు విషయాలు అడగాలి. మొదటిది, ఆ రోజు బిలం దారి తెరిచి ఉందా అన్నది. 2021 శరదృతువులో కొండ నుంచి వాయువులు బాగా పెరగడంతో రేవు ప్రాంతంలో రాత్రిళ్లు ఎవరూ ఉండకూడదని అధికారులు ఆదేశించారు, కొండ ఎక్కడాన్నీ నిలిపివేశారు. అలాంటి పరిస్థితి మళ్లీ వస్తే కింద రేవులోనే తిప్పి పంపిస్తారు. అప్పుడు డబ్బు ఎంత వాపసు ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి. రెండోది, మార్గదర్శి ఎవరన్నది. కొండ మీద ఈ యాత్ర విలువంతా ఆ మనిషి చదువు మీదే నిలబడింది. ఉబ్బసం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు, గర్భిణులు పైకి వెళ్లకూడదు. చెప్పులతో వచ్చినవాళ్లను మాతో కొండ ఎక్కనివ్వలేదు, అది సబబే. ఐదింటికి నేను మూడున్నర ఇస్తున్నాను. కరపత్రం మార్చి, పడవలో రిసీవర్లు పెడితే నాలుగున్నర ఇవ్వడానికి అభ్యంతరం లేదు.